మ్యాటర్ వాళ్లది

హన్మకొండ చౌరస్తాల, జిరాక్స్ షాపు మీద
రేకుల గది మాది.
పెండ్లి పత్రికలు, వర్ధంతి కరపత్రాలు,
ఎలక్షన్లొస్తే ఎదురుబొదురు పార్టీల పాంప్లెట్లు
ఒకే టేబుల్ మీద.
తప్పొప్పుల జోలికి పోను.
నేను టైపే చేస్త, మ్యాటర్ వాళ్లది.

నమిలికొండ హైమవతి మేడమ్
ఏడొందల పేజీలు గుడ్డసంచిల మోసుకొచ్చింది.
కాలేజీల చరిత్ర చెప్పి రిటైరైన మనిషి,
జర్మనీల ఓ చిన్న ఊరి పాత కాగితాల నడుమ
ఎనిమిది ఎండకాలాలు కూసున్నదట.
ఎండకాలమంటే అక్కడ స్వెట్టరేసుకునేదట.

ఆమె రాతల నియంత తక్కువ కనపడ్తడు,
నలభై పేజీలకోసారి, గోడ మీది ఫోటోల.
మిగతాదంతా రొట్టెల కొట్టు, పోస్టు డబ్బా,
మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడో లెక్కబెట్టే ముసలామె,
పై అంతస్తుల రాత్రిపూట పరాయి దేశం రేడియో వింటున్నరని
పోలీసులకు ఉత్తరం రాసిన పియానో పంతులు.
భయపెట్టి రాయించలే ఎవరూ.
అద్దె పంచాయితీ. బట్టలారేసే తీగ పంచాయితీ.
పక్కింటి అల్మారా మీద కన్ను.

వాటిని తెలుగుల ఏమనాలె అని ఒక కాడ ఆగింది.
"ఆకాశరామన్న ఉత్తరాలు అనుండ్రి మేడమ్" అన్న,
నాకు తెలిసిన మాట పనికొచ్చిందని సంబరంగ.
కళ్లద్దాలు తుడుసుకుంట చెప్పింది:
"రామన్నకు ఊరు లేదు, పేరు లేదు కదా నాయినా.
వీళ్లు పేరు రాసిండ్రు. ఇంటి నంబరు రాసిండ్రు.
కొందరు జవాబుకు స్టాంపు గూడ పెట్టిండ్రు."

కింద ఏనుమాములకు పోయే మిర్చి లారీ ఆగింది.
ఇద్దరం దగ్గినం. తర్వాత టైపు మొదలుపెట్టిన.

తొమ్మిదో అధ్యాయంల యుద్ధం అయిపోతది.
అదే వీధి, అదే రొట్టెల కొట్టు ముందర లైను.
"మాకేం ఎరుక" అన్నది ఆ ఊరి కొత్త పలకరింపు.
పంతులు మళ్లా పియానో నేర్పిండు,
ఎవరి మీద రాసిండో వాళ్ల మనుమరాలికే.
పిల్ల తల్లికి తెలుసు. నెలనెలా ఫీజు కట్టింది.
ఆ పేరా పక్కన మేడమ్ పెన్సిల్ రాత:
"ఇది నాకు అర్థం కాలేదు. ఇట్లనే ఉంచాలె."
అదీ టైపు చేసిన. కొట్టేయమనలే.

మా బాపు మట్టెవాడ ఠాణా ముందర
దరఖాస్తులు రాసేటోడు.
రేకు కుర్చీ, రెండు కార్బన్లు, తెలుగు, ఉర్దూ.
తప్పిపోయిన బర్రెకైనా, తాగొచ్చి కొట్టే మొగనికైనా
ఒకటే మొదలు: మహారాజశ్రీ.
ఎమర్జెన్సీ ఏడు, దసరాకు ముందు,
రాత్రిబడి నడిపే సదానందం మీద ఎవరో రాయించిండ్రు.
ఎవరో కాదు, మా గోడ అవతలోళ్లే.
సదానందం తిరిగొచ్చిండు,
ఎడమ చెయ్యి భుజం దాటి లేవకుండ.
అప్పటిసంది అమ్మ ఆ ఇంటికి కూర గిన్నె పంపేది.
మోసింది నేనే. ఎందుకో చెప్పలే.

నిన్న అడిగిన. బాపుకు ఎనభై ఏడు.
పింఛన్ మెషీన్ ఆయన బొటనవేలును గుర్తుపడ్తలేదు,
గీతలన్నీ కార్బన్ తిన్నదని నవ్వుతడు.
"సదానందం మీద దరఖాస్తు నువ్వేనా రాసింది?"
చానాసేపు చెంబు దిక్కు చూసిండు.
"రాసుడే నాది. మ్యాటర్ వాళ్లది."
మళ్ల, నేను అడగకముందే:
"రూపాయిన్నర తీసుకున్న.
మామూలుగనైతే రూపాయే."

ఇయ్యాల పుస్తకం ఎనుక పేర్ల పట్టిక చేస్తున్న.
రాసినోళ్లవి పొడి అక్షరాలే పెట్టాలె,
ఆ కాగితాలు చూపిచ్చేముందు అట్లనే సంతకం తీసుకున్నరట మేడమ్ కాడ.
ఎవరి మీద రాసిండ్రో వాళ్లవి మాత్రం నిండు పేర్లు.
'స' కాడ
రెండు జర్మన్ పేర్ల నడుమ
ఒక లైను ఖాళీ ఉంచిన.
ప్రూఫుల మేడమ్ పట్టుకుంటది.
పట్టుకోవాలె.