గీత లేని రికార్డు

నిజం చెప్పాలంటే
నేను కొన్న రికార్డుల్లో సగం నన్ను ముంచినవే.

మొదటిది తిరుపతిలో, తిలక్ రోడ్డు వెనక పాత ఇనుము కొట్లో.
అట్ట మీద నాగస్వరం, జరీ పంచె, చేతికి కడియం.
చిత్తూరు బస్సు తప్పినా సరే అని బేరమాడి
నూట ఇరవైకి తెచ్చుకుంటే
లోపల ఎవరో దొరసాని జర్మన్ నేర్పిస్తోంది,
రెండు వైపులా.
బల్లో కిటికీయో ఏమో, ఒక్కో మాట రెండేసి సార్లు పలికి
మనం పలకడానికని ఓపిగ్గా ఆగుతుంది.
ఒకసారి జ్వరంలో నేనూ పలికాను.

రెండోది మద్రాసు నుంచి, మే నెలలో.
రాణిపేట దాటేసరికి ఎండ వచ్చి నా ఒళ్లో కూర్చుంది.
ఇంట్లో తీసి చూస్తే అప్పడం.
మొగిలి ఘాట్‌లో బెల్లం లారీలాగా
పాట మూలుగుతూ ఎక్కి, జారుతూ దిగేది.

మూడోది అమ్మినాయన పేరు చెప్పను.
చర్చి వీధిలో కనిపిస్తే ఇప్పటికీ టీ తాగిస్తాడు.
దాని రెండో వైపు
ఎవరో మేకుతో పాల లెక్క గీసి ఉన్నారు.
సోమవారం ముప్పావు. మంగళవారం లేదు.

ఇవేవీ నష్టం కింద రాసుకోలేదు.
నేను వెదికేది వేరే.

గ్రీమ్స్‌పేటలో దొరసామి మైక్‌సెట్టు ఉండేది.
పెండ్లికైనా, చెవులు కుట్టినా, ఓట్లకైనా
చింతచెట్టుకు హారన్ కట్టి అతను వేసే తొలి రికార్డు అదొక్కటే.
ఆడగొంతు. ఎవరిదో ఎవరికీ తెలీదు.
రెండో చరణంలో "తలుపు తియ్యను" అంటుంది.
అక్కడ ముల్లు ఇరుక్కునేది.
తియ్యను తియ్యను తియ్యను తియ్యను
చెరుకు తోటల మీదుగా, నీవా ఇసుక దాకా
తియ్యను.
దొరసామి బీడీ పక్కన పెట్టి, లేచొచ్చి
ముల్లు నెత్తిన పావలా బిళ్ల ఉంచేవాడు.
అప్పుడు పాట ఒక్క గెంతు గెంతి
గోడ దూకి అవతల పడేది.
ఎన్ని సార్లంటుందో పిల్లకాయలం పందెం కట్టేవాళ్లం.
పదకొండు దాకా లెక్కపెట్టాను నేను.

దొరసామి పోయాడు.
అతని రికార్డులన్నీ కొడుకు వేడినీళ్లలో ముంచి
వంచి, పూలతొట్లు చేసి అమ్మేశాడు.
ఏ మిద్దె మీద ఏ కనకాంబరం కింద ఉందో అది.

పోయిన ఆడి నెలలో వేలూరులో దొరికింది.
అదే పాట. మూడున్నర వేలు.
ఒక్క మచ్చ లేదు. ఇంతవరకు ముల్లే తగల్లేదని
అమ్మినాయన దేవుడి పటం మీద చెయ్యేశాడు.

చేతులు కడుక్కుని, ఫ్యాను ఆపి, పెట్టాను.
గొంతు నేననుకున్నంత పెద్దది కాదు.
పోనీలే, హారన్ కాదు గదా.
రెండో చరణం వచ్చింది.
"తలుపు తియ్యను" అంది,
ఒక్కసారే.
ఆ వెంటనే తీసేసింది.
మల్లెలొచ్చాయి, చంద్రుడొచ్చాడు,
అందరూ చెప్పేదే చెప్పుకుంటూ పాట అయిపోయింది.
ఇన్నేళ్లు నేను మెచ్చుకున్న ఆ మొండితనం
ఆమెది కాదన్నమాట.

"అదేంది, ఆగలేదే?"
వంటింట్లోంచి చెంగమ్మ.
ఆమెదీ గ్రీమ్స్‌పేటే.
ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఈ పాట ఊసు మా మధ్య రాలేదు.
"ఇది కొత్తది" అన్నాను.
గరిటె చప్పుడు కాసేపు ఆగింది.
"పద్నాలుగు" అంది.
"ఏంది పద్నాలుగు?"
"మా అక్క పెండ్లిలో. పద్నాలుగు సార్లు తియ్యనన్నెది.
దొరసామి నిద్రపోయినాడు ఆ రోజు."

రికార్డు చివర ఖాళీ గాడిలో
ముల్లు గీరుకుంటూ తిరుగుతూనే ఉంది.
పనిముట్ల డబ్బాలో సన్న మేకు ఒకటుండాలి.
ఉంది.
ఎక్కడ గియ్యాలో కూడా తెలుసు.
మూడున్నర వేలు మరి.
చెయ్యి రావడం లేదు.