రోజు విడిచి రోజు పోటు

నేరేడ్‌మెట్‌కి సముద్రం రాదు.
మంజీరా నీళ్లొస్తాయి, రోజు విడిచి రోజు,
తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి.
గొట్టంలో ముందు దగ్గు, తర్వాత ఉత్త గాలి, తర్వాత ధార.
"పోటొచ్చింది" అంటారు నాన్న.
మోటారు వేసి, నోటుబుక్కులో టైము రాస్తారు.

కమాండర్ పరంజ్యోతి,
ఇరవై ఆరేళ్లు ఓడల ఇంజన్ గదుల్లో పనిచేసి
కుడి చెవిని అక్కడే అప్పజెప్పి వచ్చిన మనిషి.

ఆ పుస్తకంలో పెద్ద సంగతులేమీ ఉండవు.
గాలి పడమర నుంచి. మబ్బు లేదు.
గ్యాస్ బండ మార్చడమైనది.
సుజ్ఞానమ్మ బీపీ నూట నలభై, తొంభై. ఊరగాయ దాచవలెను.
కెజియాకి లెక్కల్లో పద్దెనిమిది. తిట్టరాదు.
ఎదురింటి వాళ్ల కుక్క తిరిగి వచ్చినది.

ట్యాంకు నిండేలోపు ఆయన ప్రార్థన అయిపోవాలి.
మోకాళ్లు వంగవు. అందుకని డాబా మీద నిలబడే,
చేతులు వెనక్కి కట్టుకుని,
పై అధికారికి రిపోర్టు ఇస్తున్నట్టు
పేర్లు చదువుతారు.
అమ్మ. నేను. తమ్ముడు ప్రభుదాసు.
అల్లుడు (కాస్త కోపం ఎక్కువ ప్రభువా, నీకు తెలియంది కాదు).
ఆ తర్వాత మేమెప్పుడూ చూడని మనుషులు:
భీమిలి సింహాచలం, కొల్లం వర్గీసు,
ఇంకొకాయన. ఆ పేరు దగ్గర గొంతు
మోటారు చప్పుడు కిందికి దిగిపోతుంది.
ఎవరని నేను అడగలేదు.
అడగకుండానే నాకు నలభై మూడేళ్లొచ్చాయి.

ఆదివారం గుడిలో అందరి ఆమెన్ అయిపోయాక
ఒక్క ఆమెన్ విడిగా వస్తుంది, ఆలస్యంగా, గట్టిగా.
చిన్నప్పుడు సిగ్గుతో బల్ల కిందికి జారిపోయేదాన్ని.
ఇప్పుడు పాస్టరుగారే కళ్లు తెరవకుండా
దానికోసం ఆగుతారు.

మొన్న వానల్లో ట్రంకుకి చెదలు పట్టింది.
అడుగున పాత నోటుబుక్కులు, ఓడల నాటివి.
నేను పుట్టిన తేదీ వెతికాను. ఎవరైనా వెతుకుతారు.
బొల్లారం ఆసుపత్రిలో అమ్మ
పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డ రోజది.
నీలం సిరా, తేమకి అంచులు పాకిన అక్షరాలు:
సముద్రం ప్రశాంతం. రెండో పంపు లీకు. బాగు చేయడమైనది.
విశేషాలేవీ లేవు.

నవ్వాను. నవ్వు సగంలో ఆగింది.
తొమ్మిది పేజీలు తిప్పాక, వంకరగా, ఒకే వరస:
ఆడపిల్ల. తల్లీబిడ్డ క్షేమం.
ఆ రోజు పంపు సంగతి లేదు.
గాలి ఎటు నుంచో కూడా రాయలేదు.

మొదటిసారి నన్ను ఎత్తుకునేసరికి నాకు ఏడో నెల.
గడ్డం చూసి కెవ్వుమన్నానట,
రెండు రోజులు దగ్గరికి రానివ్వలేదట.
ఇది అమ్మ చెప్పే కథ. ఆయన చెప్పరు.

మర్నాడు నీళ్ల రోజు.
ఆయన మోటారు వేసి కూర్చోగానే
ఆ పేజీ తెరిచి ముందు పెట్టాను,
ఏమీ అనకుండా. అనడానికి ఏముంది.
కళ్లజోడు తుడుచుకుని చదివారు. మళ్లీ చదివారు.
"లాగులో చెరపకూడదు" అన్నారు,
"ఒక్క గీత కొట్టి, పక్కన సంతకం పెట్టాలి."
స్కేలు తెమ్మన్నారు.

విశేషాలేవీ లేవు, దాని మీద తిన్నని గీత.
పక్కన పొట్టి సంతకం.
దాని కింద ఇవాళ్టి తేదీ.
టైము రాయబోయి పెన్ను ఎత్తి పట్టుకున్నారు,
చాలాసేపు.

ఎదురింటి పోచమ్మ గోడ మీంచి అరుస్తోంది,
"కమాండర్ సాబూ, ట్యాంకు పొర్లుతున్నది, మోటర్ బంద్ చెయ్యి!"
అటు ఆయన కుడి చెవి.
నేనూ లేవలేదు.