గెలుపు బరువు

పాస్‌పోర్టు మీద ఎర్వే కెర్లాన్ అని ఉంది.
రాణిగంజ్ షెడ్డులో మొదటి పూటకే
ఎర్రయ్య అయిపోయాడు.
ఎండకి కందిన ఆ మెడ చూసి
వెల్డర్ బస్వరాజ్ పెట్టిన పేరు.
నేనది అనువదించలేదు.
రోజుకి మూడు వేల ఒప్పందంలో
పేర్లు లేవు.

నెక్లెస్ రోడ్డు పందేనికి
మన పిల్ల డ్రైవర్లకి మలుపులు నేర్పాలి ఆయన.
ఫ్రెంచిలో బ్రేకు తొక్కమంటాడు,
నేను తెలుగులో తొక్కమనేలోగా
కారు మలుపు దాటి పోయి ఉండేది.
రెండో రోజు నుంచి చేతులతోనే చెప్పుకున్నారు.
నేను చాయ్ వేళకి మాత్రమే పనికొచ్చాను.

చాయ్ వేళ ఆయన కథ.
సముద్రం పక్కన ఊరు, విడవని వాన,
నాన్నది రొట్టెల వ్యాను.
రొట్టె చల్లారకముందే నలభై గుమ్మాలు తిరగాలి.
తడి రోడ్డు ఎక్కడ జారుతుందో
పద్నాలుగేళ్ళకే పిర్రలకి తెలిసిందట.
(ఇది చెప్పడానికి కొంచెం సిగ్గుపడ్డాను.
బస్వరాజ్ పడలేదు, "కరెక్టే" అన్నాడు.)

పైకప్పు లేని కార్లలో మూడేళ్ళు.
తర్వాత డబ్బయిపోయింది.
పైకప్పున్న కారులో మొదటిసారి కూర్చున్న రోజు
హెల్మెట్ లోపల ఏడ్చాడట.
ఊళ్ళో పళ్ళ డాక్టరు నడిపే కారే అది,
నాలుగు తలుపులు, డిక్కీ,
వెనక సీటు ఒక్కటే పీకేశారు.
"అందులో తలుపుకి తలుపు రాసుకుంటూ పోవచ్చు,
అద్దం విరిగితే ఎవరూ దిగి కొట్లాడరు."
బస్వరాజ్ పగలబడి నవ్వాడు:
"గది మా ప్యాట్నీ సెంటరే గదమ్మా!"

పదకొండు సీజన్లు, నాలుగు టైటిళ్ళు.
ఒక కప్పులో వాళ్ళ చెల్లెలు గొడుగులు పెడుతుంది.
మిగతావి ఎక్కడున్నాయో ఆయనకే తెలీదు.

అప్పుడన్నాడు ఒక మాట,
ఆరేళ్ళు చదివిన నా ఫ్రెంచిలో ఎదురుపడనిది.
ఓడ అడుగున వేసే బరువుట.
గెలిచినవాడి కారుకి తర్వాతి పందెంలో
పక్క సీటు ఉండాల్సిన చోట
సీసం పలకలు బిగిస్తారు.
రెండోవాడికి కొంచెం తక్కువ.
ఓడినవాడు ఖాళీగా పోవచ్చు.

బస్వరాజ్ నల్లద్దాలు నుదుటి మీదికి నెట్టాడు.
"గెలిస్తె శిక్షా? అడుగమ్మా."
అడిగాను.
ఎర్రయ్య చాలాసేపు గ్లాసు తిప్పాడు.
"శిక్ష కాదు. పక్క మనిషి.
అరవై కిలోలు. మలుపులో నాతో వంగుతాడు,
మాట్లాడడు.
వాడు లేని వారం కారు తేలిగ్గా ఉండేది,
నాకు నిద్ర పట్టేది కాదు."

చివరి ఏడు, తను నేర్పిన కుర్రాడే దాటేశాడు.
ఆ రాత్రి ఈయన కారులోంచి పలకలు విప్పి
అటు మోసుకుపోయారు.
ఎనిమిది బోల్టులు.
విప్పుతున్న చప్పుడు లెక్కపెట్టాడట.

బస్వరాజ్ ఏమీ అనలేదు.
రాడ్ మార్చుకుని మళ్ళీ అంటించాడు.

ఆఖరి రాత్రి వాన.
ట్యాంక్‌బండ్ మూసేశారు, క్యాబులు ఒక్కటీ రావు.
మినిస్టర్ రోడ్డు మీదుగా నా స్కూటీ వెనక
నాలుగుసార్లు చాంపియన్.
రసూల్‌పురా దగ్గర మోకాలి లోతు నీళ్ళు,
రాంగ్ సైడులో బస్సు.
ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కింది,
ఫుట్‌రెస్టు అదిరి నాకు తెలిసింది.
"మెల్లగ, మెల్లగ" అన్నాడు తెలుగులో,
బస్వరాజ్ యాసలో.

తర్వాత బేగంపేట మలుపు.
నాతోపాటు వంగాడు.
మాట్లాడలేదు.

హోటల్ దగ్గర దింపి వెనక్కి తిరిగాను.
తేలికైన బండి మీద
ప్రతి గుంటా వెన్నులోకి వచ్చింది.