పదకొండు గాట్లు

రోహిణి కార్తె, రెండో రోజు.
ఉదయగిరి దుర్గం మొదటి మలుపులోనే
ఫోను వేడెక్కి కళ్ళు మూసుకుంది.
ఇక నాకు మిగిలింది
ఆఫీసువాళ్ళిచ్చిన అట్ట, పెన్సిలు, గళ్ళ కాగితం:
కట్టడం పేరు. కొలతలు. ప్రస్తుత స్థితి. దెబ్బతిన్న భాగాలు.

ముందు దస్తగిరమ్మ నడుస్తోంది.
నడుముకి కొడవలి, నెత్తిన తడి తువ్వాలు.
గరిటెలు చెక్కే ఇంటి మనిషి.
బిక్కి కొయ్య కోసం ఎలాగూ ఎక్కుతాను
రా, దారి చూపిస్తానంది.

"ఈ ఎండలో రాళ్ళు చూస్తే
గవర్నమెంటు జీతమిస్తాదా?"
ఇస్తుంది, మూడు నెలలకోసారి, అన్నాను.
పడీ పడీ నవ్వింది.
బురుజు మీద తొండ కూడా తల ఊపింది.

ఏనుగులెక్కిన దారంట ఇది.
నా మోకాళ్ళు నమ్మడం లేదు.

గుడిలో దేవుడు లేడు.
పీఠం మధ్య నలుపలకల గుంట,
అందులో గబ్బిలాల రెట్ట, ఎవరిదో సగం బీడీ.
లేడు అని రాయడానికి గడి లేదు.
ఖాళీ, అని రాశాను.

మిట్టమధ్యాహ్నం గోడకి జానెడే నీడ.
ఇద్దరం అందులో కాళ్ళు ముడుచుకున్నాం.
గరిటె తోకతో ఉప్పు కలిపి
మజ్జిగ చెంబు నా వైపు జరిపింది.

అప్పుడు చూశాను, గడప రాతి అంచున
పక్కపక్కనే పదకొండు గాట్లు,
వేలు పట్టేంత లోతు,
లోపల కుండ మెడంత నునుపు.
పెన్సిలు చివరి గడిలో పెట్టాను:
గడప, ఎడమ అంచు, పదకొండు...

"ఏంది రాస్తుండావు?"
చెప్పాను.

"అది దెబ్బ కాదు సార్, మా నాయన.
కొయ్యకొచ్చినప్పుడల్లా ఈడనే ఉలి నూరేవాడు.
ఆ చివరిది ఆయన నాయనది.
ఈ పొట్టిది నాది. పన్నెండేళ్ళప్పుడు
నూరడం రాక చెయ్యి తెగింది."
అరచెయ్యి చాపింది.
ఆయుర్దాయం గీత పక్కన ఇంకో గీత.

రబ్బరు తెచ్చుకోలేదు నేను.
ఉమ్మి తడితో వేలు పెట్టి రుద్దితే
గడి నల్లబడింది, కాగితం చిరిగింది.

ఆమె అదేమీ పట్టించుకోలేదు.
పొట్టి గాటులో నాలుగు మజ్జిగ చుక్కలు వేసి
కొడవలి నూరడం మొదలుపెట్టింది.
ష్... ష్... అని
ఎవరినో నిద్రపుచ్చుతున్న చప్పుడు.
ఖాళీ అని రాసిన గుడి లోపలికి పోయి
ఆ చప్పుడు ఇంకొంచెం పెద్దదై తిరిగొచ్చింది.

సాయంత్రం ఆత్మకూరు బస్సు.
కిటికీ చువ్వ ఇంకా చురుక్కుమంటోంది.
చొక్కా జేబులో ఆమె ఇచ్చిన చిన్న గరిటె,
ముప్పై రూపాయలంటే వద్దంది, తర్వాత తీసుకుంది.

రేపు ఆఫీసులో అడుగుతారు
కాగితంలో ఈ చిల్లు ఏమిటని.
ఎండ సార్, అంటాను.