పోటు

తొమ్మిదేళ్లు. పెద జాలారిపేట. నాలుగో తరగతి.
చీటీ మీద పేరు ఎల్లాజీ, కింద "తరచూ తలనొప్పి",
దాని పక్కన ఎవరో పెన్సిలుతో
"బడిదొంగ?"

నా పుస్తకంలో నొప్పులకు అంకెలున్నాయి
అంకె, చుక్క, మళ్లీ అంకె.
వాడి దగ్గర ఉన్నది ఒక్క మాట: "నొప్పి."
అందుకని మా అమ్మమ్మ మాటలన్నీ తెచ్చి బల్ల మీద పరిచాను.
సలుపా? తీపా? గుచ్చుతోందా?
తలకి తువ్వాలు బిగించి కట్టినట్టా?
అన్నిటికీ ఊఁ అన్నాడు,
ఊఁ కొడితే బేగి వదిలేస్తానని.

కాగితం, స్కెచ్ పెన్ను ఇచ్చి గీయమన్నాను.
ఒక తల గీశాడు. కళ్లకి అడ్డంగా వల.
కన్నాలన్నిట్లో పసుపు నింపాడు, పెన్ను అరిగేదాకా.
"ముందు ఇది మెరుస్తాది. తరవాత పోటొస్తాది."
ఎలాంటి పోటురా?
"పున్నం నాడు ఒడ్డుని కొడతాది కదా,
అలాగ. రెండు పక్కలా."

ఇరవయ్యేళ్లుగా ఆ మాట రాస్తున్నాను
దాంట్లో సముద్రం ఉందని తట్టలేదు.

వాళ్లమ్మ నూకాలు సంచిలోంచి క్యాలెండరు తీసింది.
ఐసు ఫ్యాక్టరీ వాళ్లిచ్చింది, ఇంకా చేపల వాసన.
చదువు రాదు. ఎవరూ చెప్పకుండానే
నొప్పొచ్చిన రోజున కాటుక చుక్క,
వాంతయితే చుక్క కింద గీత.
మూడు నెలలకి పదకొండు.
నాలుగు ఆదివారాలు, ఒకటి అమ్మోరి పండగ.
బడి లేని రోజు బడిదొంగ ఏం దొంగిలిస్తాడు?

భయపడాల్సినవి గొంతు మార్చకుండా అడిగాను.
తెల్లారగట్ల నొప్పే నిద్ర లేపుతోందా,
నడక తూలుతోందా, అక్షరం రెండుగా కనపడుతోందా.
లైటు ఆర్పి వాడి కంట్లోకి తొంగి చూశాను
నరం అంచు శుభ్రంగా ఉంది.
గట్టిగా ఊపిరి వదిలింది నేనే.

"పడుకుని లేస్తే మామూలే బాబూ, అన్నం అడుగుతాడు."
ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?
"నేదు."
వాడప్పుడు తల ఎత్తాడు.
"హార్బర్ కాడ గంప దించీసి
ఐసుముక్క నెత్తికెట్టుకుంటావు కదమ్మా?"
"అది నొప్పేటిరా. ఎండకి అలాగుంటాది."

వాడి చీటీ మీద మైగ్రేన్ అని రాశాను.
అంకె, చుక్క, అంకె.
పెన్సిలు మాట చెరిపేశాను, మచ్చ మిగిలింది.
కొత్త ఓపీ చీటీ తెప్పించి
పేరు చెప్పమన్నాను నూకాలుని.

ఆమె మళ్లీ
కొడుకు పేరే చెప్పింది.