కోసిన లేసు

తెల్లవారుజామున నాలుగింటికి
విలా దో కోండె నుంచి అంబులెన్సులో వచ్చింది దెయోలిందా.
డెబ్భై మూడేళ్ళు.
ఛాతీ మీద తడి గోనె పరిచి
దాని మీద ఎవరో కూర్చున్నారంది.
"ఎవరో" అన్నప్పుడు ఓసారి తలుపు వైపు చూసింది.

పోర్తోలో, ఈ చలిగదిలో, పదకొండేళ్ళుగా
సీసపు ఏప్రన్ మోస్తూ నేను చెప్పే మాట ఒకటే:
గుండెకి దారి మణికట్టు దగ్గర మొదలవుతుంది,
భయపడకండి, చెయ్యి ఇటివ్వండి.
ఇచ్చినట్టే ఇచ్చి లాక్కుంది.
"ఇది కాదు."
"పోనీ ఎడమది."
"అదీ కాదు. నలభై జతల కండెలు, నాయనా.
ఒక చేతికి సెలవిస్తే రెండోది పని ఎగ్గొడుతుంది."

డాక్టర్ కిటేరియా గడియారం చూసింది.
తెర మీద గీత చూసింది, అది కొండెక్కి దిగడం లేదు.
ఆ చేతులు చూసింది:
అరవయ్యేళ్ళ గుండుసూదులకి మొద్దుబారిన వేలికొసలు,
గోళ్ళ సందుల్లో నమూనా అట్ట పసుపు.
మణికట్టులో నాళం మూసుకుపోవడం
వందమందిలో ఏ కొందరికో.
ఆ లెక్క నోటిదాకా వచ్చి ఆగిపోయింది.
"తొడ నుంచి వెళ్దాం" అంది.
పాత దారి. ఇప్పుడెవరూ అంతగా తొక్కని దారి.

ఆమె మెలకువగానే ఉంది.
రక్తానికి ఎదురీదుతూ గొట్టం పైకి వెళ్తోందని చెబితే
"నాకేం తెలీడం లేదే" అని అనుమానంగా చూసింది.
రంగుమందు ఎక్కగానే ఒళ్ళంతా వేడి పాకి
"పక్క తడిపానా?" అని నా చెవిలో అడిగింది.
లేదు, దొన దెయోలిందా. అందరికీ అలాగే అనిపిస్తుంది.

తెర మీద నల్లటి కొమ్మ.
ఒకచోట తుంచేసినట్టు ఆగిపోయింది.
తలవెంట్రుకంత తీగ అక్కడిదాకా వెళ్ళి
రెండుసార్లు తిరిగొచ్చింది.
మూడోసారి, ఎందుకో, పోనిచ్చింది.
బెలూను. పన్నెండు అట్మాస్ఫియర్లు.
నేను సెకన్లు లెక్కపెడుతున్నాను.
ఆమె పెదాలూ కదులుతున్నాయి,
అది వేరే లెక్క.

"ఆ జాలీ ఏంటి?"
స్టెంటు. దారి మళ్ళీ మూసుకోకుండా పట్టి ఉంచుతుంది.
"ఎవరల్లారు?"
అల్లరు. లోహపు గొట్టాన్ని లేజరుతో కోస్తారు.
"కోస్తారా" అంది,
పెళ్ళివిందులో ఉప్పు మరిచారని విన్నట్టు.
తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.
ఈలోగా గీత కొండ దిగింది.
గోనె మీద కూర్చున్నది ఎవరో గానీ, లేచి వెళ్ళిపోయారు.

పొద్దెక్కాక గొట్టం లాగేసి
గజ్జల్లో రెండు చేతులూ మోపి నొక్కాను. ఇరవై నిమిషాలు.
కాస్త వదులైతే రక్తం,
కాస్త బిగిస్తే పాదం చల్లబడుతుంది.
నా వేళ్ళ కింద ఆమె నాడి
గుడ్డు లోపలి పిట్టలా పొడుస్తోంది.
సిగ్గు మరవడానికి కాబోలు, పాఠం మొదలెట్టింది:
"దాటించు, మెలిపెట్టు. రెండే.
మిగతాదంతా ఓపిక, గుండుసూదులు."
దుప్పటి మీద పది వేళ్ళూ
అక్కడ లేని కండెల్ని ఆడిస్తున్నాయి.
"నొక్కడంలో బాగానే చెయ్యి తిరిగింది నీకు.
పేరేంటి?"
అన్సెల్మో.
"అన్సెల్మో, ఒక్క ఫోను చెయ్యి.
దిండు మీద సగం అల్లిక అలాగే వదిలొచ్చాను.
కిటికీ మూశానో లేదో గుర్తు లేదు.
పిల్లి దూరిందంటే ఎనభై కండెలూ ఒకటే చిక్కు.
పక్కింటి అల్బెర్తినా దగ్గర తాళం ఉంది."

నా చేతులు ఖాళీ లేవు.
రాత్రంతా నిలబడ్డ కిటేరియా
గోడకి ఆనుకుని, మాస్కు గడ్డం కిందకి లాగి,
ఆమె చెప్పిన అంకెలు ఒక్కొక్కటే నొక్కింది:
"ఆసుపత్రి నుంచండీ.
లేదు లేదు, ఆమె బాగానే ఉన్నారు.
పిల్లి గురించి.
అవునండీ. పిల్లి."