రొట్టెకి రెండు చేతులు

కురుక్షేత్రం వెళ్ళొచ్చిన పేరంటాలత్త
యుద్ధం సంగతి చెప్పదు.
బ్రహ్మసరోవరంలో మునిగితే చెవిలో నీళ్ళు పోయాయంటుంది.
థానేసర్ శివుడికి అంబాజీపేట కాయ కొట్టబోతే
ఇంత పీచేమిటని పూజారి నవ్వాడంటుంది.
తర్వాత గొంతు తగ్గించి
గురుద్వారా గురించి:

"నెత్తిన కొంగేసుకుని నేలమీద కూచున్నానా,
ఒంటిచెయ్యి చాస్తే రొట్టె వెయ్యడే!
రెండు చేతులూ పట్టాలంట.
అడుక్కున్నట్టుందని చిన్నతనమేసింది.
తిన్నాక ఎవరూ చెప్పకుండానే
నలభై కంచాలు తోమాను."

దాళ్వా కోతలకి
లొల్ల లాకులు దాటి మా చేలోకి
కోతమిషను దిగింది.
దానిమీద బల్జిందరు,
తలపాగా నిండా ఊక.
మధ్యాహ్నం గట్టుమీద అరిటాకేసి
మామిడికాయ పప్పు, పొగలొచ్చే అన్నం.
అతను ఆకు చూడలేదు.
రెండు చేతులూ చాపాడు.

కాలుతుంది బాబూ అనాలి.
హిందీ రాదు.
అత్త గరిటె పక్కన పెట్టి
కొంగు తలమీదికి లాక్కుంది.
పొద్దుటి దిబ్బరొట్టె ఉంటే
విరిచి ఆ దోసిట్లో పెట్టింది.

"మీదేవూరు నాయనా?"
తెలుగులోనే అడిగింది.
ఏదో చెప్పాడు.
ఆ పేరు మేమెవ్వరం వినలేదు.
అత్త మాత్రం
తెలుసన్నట్టు తలూపింది.